పగవాడు లేని కథ

దేవదాసు అన్న మాట మన భాషలో ఒక మనిషి పేరుగా మిగల్లేదు. నాలుగు రోజులు గడ్డం గీసుకోకపోతే "ఏమిట్రా, దేవదాసులా తయారయ్యావు?" అంటారు. కాలేజీ వార్షికోత్సవానికి ఒక శాలువా, ఒక ఖాళీ సీసా, వీలైతే ఓ కుక్కపిల్ల దొరికితే చాలు, పది నిమిషాల హాస్యనాటిక సిద్ధం. ఇక్కడ అమెరికాలో మన సంక్రాంతి, ఉగాది వేడుకల్లో కూడా ఆ నాటిక నేను కనీసం మూడుసార్లు చూశాను. శాలువా కప్పుకున్నవాడు తూలుతూ రాగానే హాలంతా నవ్వుతుంది. సినిమా చూడని పిల్లలు కూడా నవ్వుతారు.

ఇంతగా జనంలో కలిసిపోవడం ఏ సినిమాకైనా గొప్పే. కాకపోతే ఇక్కడ బొమ్మ మిగిలింది, కథ జారిపోయింది. ఆ జారిపోయినదాన్ని కాస్త వెతుకుదామని ఈ వ్యాసం. నేను సినిమా విమర్శకుణ్ణి కాను. కంప్యూటర్లతో బతికేవాణ్ణి. అందుకని నాకు తెలిసిన పద్ధతిలోనే వెతుకుతాను.

ముందు పరిచయాలు. వినోదా పిక్చర్స్ వారి 'దేవదాసు' 1953 జూన్ 26న విడుదలైంది. అంటే పొట్టి శ్రీరాములు గారి ఆత్మార్పణ జరిగి ఆరు నెలలు, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి ఇంకో మూడు నెలలు. నిర్మాత డి.ఎల్. నారాయణ, దర్శకుడు వేదాంతం రాఘవయ్య, ఛాయాగ్రహణం బి.ఎస్. రంగా, సంగీతం సి.ఆర్. సుబ్బరామన్, పాటలు సముద్రాల సీనియర్. దేవదాసు అక్కినేని నాగేశ్వరరావు, పార్వతి సావిత్రి, చంద్రముఖి లలిత. ఆ యేడే తమిళంలో కూడా వచ్చింది.

2024లో అక్కినేని శతజయంతి వచ్చినప్పుడు ఇండియాలో చాలా ఊళ్ళలో ఆయన పాత సినిమాలు మళ్ళీ హాళ్ళలో వేశారు. ఆ ఉత్సాహం న్యూజెర్సీ దాకా పాకింది. మా ఎడిసన్‌లో ఒక మిత్రుడి ఇంటి బేస్‌మెంట్‌లో ఓ శనివారం సాయంత్రం డజను మందిమి కూర్చుని 'దేవదాసు' చూశాం. పిల్లలు నలుగురు. సబ్‌టైటిల్స్ ఉన్నాయి కాబట్టి కూర్చున్నారు. సినిమా అయిపోయాక పద్నాలుగేళ్ళ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, ఇందులో విలన్ ఎవరు?"

పెద్దవాళ్ళు తలో మాటా అన్నారు. ఒకాయన తండ్రి అన్నాడు. ఇంకొకావిడ "తండ్రేం చేశాడండీ, చేతగానివాడు దేవదాసే" అంది. పార్వతి పొగరు వల్లే ఇదంతా వచ్చిందని ఒకరు, తాగుడు నేర్పిన భగవాన్ అని ఒకరు, సమాజం అని ఒకరు. మా అమ్మాయి అందరివీ విని, "అంటే ఎవరూ లేరన్నమాట" అని లేచిపోయింది.

నా మట్టుకు నాకు ఆ మాటలోనే ఈ సినిమా కీలకం ఉందనిపించింది.

మా వృత్తిలో ఒక అలవాటుంది. ఏ అర్ధరాత్రో సిస్టమ్ కుప్పకూలితే, దాన్ని లేపి నిలబెట్టాక మర్నాడు అందరం కూర్చుని జరిగింది జరిగినట్టు రాసుకుంటాం. ఎన్ని గంటలకి ఏమైంది, అప్పుడు ఎవరికి ఏం తెలుసు, తెలిసినదాన్ని బట్టి ఏం చేశారు. ఇందులో ఒకే ఒక నియమం, ఎవరినీ నిందించకూడదు. దీన్ని 'బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్' అంటారు. నిందించడం మొదలుపెడితే నిజం బయటికి రాదని అనుభవం మీద తెలుసుకున్న పద్ధతి ఇది. ఒక్క మనిషి చేసిన ఘోరం వల్ల పెద్ద సిస్టమ్ పడిపోవడం అరుదు. నలుగురు మంచివాళ్ళు, తలొకరూ తమకు సబబుగా తోచిన చిన్న పని చేస్తారు. ఆ నాలుగూ ఒక వరసలో పడతాయి. దేవదాసు కథ సరిగ్గా ఇలాంటిది.

* * *

ఇలాంటి కథ మన రంగస్థలానికీ, సినిమాకీ కొత్త. విషాదం కొత్త కాదు, పగవాడు లేని విషాదం కొత్త.

సంస్కృత నాటక సంప్రదాయంలో కథ శుభంగా ముగియాలి. భాసుడి 'ఊరుభంగం' లాంటివి మినహాయింపులు. తెలుగులో ఆ కట్టు తెంపినవారు బళ్ళారికి చెందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు. ఆయన 'విషాద సారంగధర' తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరు పొందింది. అయితే అందులో సవతితల్లి చిత్రాంగి ఉంది. కోరిక తీరక, ఆ అబ్బాయి మీద నింద వేసేది ఆవిడే. ప్రేక్షకుడికి ఎవరిని తిట్టాలో తెలుసు. కాళ్ళకూరి నారాయణరావు 'వరవిక్రయం' 1939లో సినిమాగా వచ్చింది, భానుమతికి అదే మొదటి సినిమా. కట్నం పెళ్ళికి తలవంచలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. అక్కడా పిసినారి లింగరాజు ఉన్నాడు. కోపం పెట్టుకోవడానికి ఒక చోటుంది.

దుఃఖాన్ని కోపంగా మార్చుకోగలిగితే మనిషికి కొంత తేలిక. హాల్లోంచి బయటికొస్తూ "వాడి దుంప తెగ" అనుకోవచ్చు. దేవదాసు ఆ వెసులుబాటు ఇవ్వదు.

ఈ గుణం మూలంలోనే ఉంది. శరత్‌చంద్ర చటోపాధ్యాయ ఈ నవలని ఇరవైల్లో ఉండగా రాసి పక్కన పడేశాడు. 1903లో పొట్ట చేతబట్టుకుని బర్మా వెళ్ళాడు. రంగూన్‌లో లెక్కల ఆఫీసులో గుమాస్తాగా 1916 దాకా ఉన్నాడు. అన్నట్టు, ఆ రోజుల్లో రంగూన్ రేవులోనూ, బియ్యం మిల్లుల్లోనూ మన కోస్తా జిల్లాల కూలీలు వేలల్లో ఉండేవారు. ఆయనా వాళ్ళూ అదే సముద్రం దాటినవాళ్ళే. 'దేవదాసు' అచ్చయింది 1917లో. ఈ పుస్తకం బయటికి రావడం రచయితకి పెద్దగా ఇష్టం లేదు, అచ్చు వెయ్యొద్దని మిత్రుడికి ఉత్తరం కూడా రాశాడు. ఆయన వద్దనుకున్నదే ఆయన పేరుని దేశమంతా మోసింది.

నవలలో పార్వతి ఇంటివాళ్ళు ఆడపిల్లకి డబ్బు పుచ్చుకుని పెళ్ళి చేసే తెగవాళ్ళు. పైగా పక్కింటివాళ్ళు. అందుకని జమీందారు ఇంట ఆ సంబంధం వద్దంటారు. ఓలి పుచ్చుకుని పిల్లనిచ్చే ఆచారమంటే తెలుగువాడికి వేరే చెప్పక్కర్లేదు, గురజాడ 'కన్యాశుల్కం' ఉండనే ఉంది. చిత్రమేమిటంటే, 'దేవదాసు' తీసిన వినోదా వారే 1955లో 'కన్యాశుల్కం' కూడా తీశారు. మన పార్వతే అక్కడ మధురవాణి.

శరత్‌ని తెలుగు ఇళ్ళలోకి తెచ్చినవాళ్ళలో చక్రపాణి ముఖ్యుడు. ఆయన మదనపల్లి శానిటోరియంలో క్షయకి వైద్యం చేయించుకుంటూ బెంగాలీ నేర్చుకున్నాడు. 'దేవదాసు'తో సహా శరత్ పుస్తకాలు ఎన్నింటినో తెలుగు చేశాడు. శరత్‌బాబు తెలుగువాడేననుకున్న పాఠకులుండేవారని పెద్దలు చెప్పుకునే మాట. కాబట్టి 1953లో సినిమాకి వెళ్ళిన చదువరులకి కథ ముందే తెలుసు. పైగా అప్పటికే కలకత్తా న్యూ థియేటర్స్ తరఫున ప్రమథేశ్ బరువా 1935లో బెంగాలీలో, 1936లో హిందీలో తీసేశాడు. బెంగాలీలో తనే దేవదాసు, హిందీలో సైగల్. తెలిసిన కథ, చూసిన కథ. ఇక మిగిలింది ఎలా చెప్తారన్నదే.

* * *

ఎలా చెప్పారో చూద్దాం. మొదట పాత్రల పంపకం.

తండ్రిగా ఎస్.వి. రంగారావు. రెండేళ్ళ కిందటే, 1951లో, 'పాతాళభైరవి' నేపాళ మాంత్రికుడిగా జనాన్ని హడలగొట్టినవాడు. ఆయన పుట్టింది 1918లో, అక్కినేని పుట్టింది 1924లో. కొడుకు కంటే తండ్రి ఆరేళ్ళే పెద్ద! ఆ మాంత్రికుణ్ణి తెచ్చి తండ్రిగా పెడితే గర్జించి కథని మింగేస్తాడని ఎవరికైనా అనిపిస్తుంది. అలా జరగలేదు. ఆ తండ్రి తన కాలపు పెద్దమనిషి. పరువు అనేది తన సొంతం కాదనీ, తాతల నుంచి వచ్చి మనవలకి అందించాల్సిన సొత్తనీ నమ్మినవాడు. కొడుకు మీద ప్రేమ లేక కాదు వద్దన్నది.

పార్వతిని కట్టుకున్న దుర్గాపురం జమీందారుగా సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. తర్వాత 'కన్యాశుల్కం'లో రామప్పపంతులు, 'మాయాబజార్'లో శకుని వేసినవాడు. కుత్సితం పలికించడంలో ఆయన్ని మించినవాడు లేడు. రెండో పెళ్ళి ముసలి జమీందారు పాత్రలో ఒక్క కన్ను గీటితే చాలు, హాలంతా ఆయన మీద మండిపడేది. ఆ పని చెయ్యలేదు. ఇంటికి ఇల్లాలు కావాలని చేసుకున్న మనిషి, వచ్చిన పిల్ల ముందు తన వయసుకి తానే సిగ్గుపడేవాడు. పెద్దరికంగా ఉంటాడు. అతన్ని ద్వేషించలేం. అతన్నే ద్వేషించలేనప్పుడు ఇంకెవర్ని ద్వేషిస్తాం?

ఇక్కడో సంగతి చెప్పాలి. నాలుగేళ్ళ తర్వాత 1957లో వచ్చిన 'మాయాబజార్'లో అక్కినేని, సావిత్రి, రంగారావు, సి.ఎస్.ఆర్. నలుగురూ ఉన్నారు. ఆలోచిస్తే అదీ ఇదే కథ. చిన్నప్పటి నుంచీ ఒకరికొకరు అనుకున్న జంట. హోదా చూసుకుని పెద్దవాళ్ళు మాట తప్పడం. అమ్మాయిని వేరే చోట ఇవ్వాలనుకోవడం. తేడా ఏమిటంటే అక్కడ రంగారావు ఘటోత్కచుడు, వచ్చి మాయ చేసి పెళ్ళి జరిపిస్తాడు. ఇక్కడ అదే రంగారావు వద్దనే తండ్రి, మాయలు చేసేవాళ్ళెవరూ లేరు. ఆ రెండు సినిమాలూ ఒకే వారాంతంలో చూస్తే, వినోదానికీ విషాదానికీ మధ్య గోడ ఎంత పల్చనో తెలుస్తుంది.

రెండోది దర్శకుడు. వేదాంతం రాఘవయ్య కూచిపూడి మనిషి. ఆ ఊళ్ళోనే పుట్టి, భాగవతుల మేళంలో పెరిగి, ఆడవేషాలు కట్టినవాడు. అక్కినేని కూడా నాటకాల్లో ఆడవేషాలతోనే పైకొచ్చినవాడు. ఆడవేషం కట్టే మగవాడికి ఒక సంగతి వంటబడుతుంది: గొంతు పెంచి, చేతులూపి నెట్టుకురాలేం. తల వంచడం, చూపు తిప్పుకోవడం, మాటకి ముందు ఒక్క క్షణం ఆగడం, వీటితోనే పని జరగాలి. అభినయంలో ఆంగికం, వాచికం, ఆహార్యం నేర్పితే వస్తాయి, సాత్వికం లోపలి నుంచి రావాలంటారు. ఆ ఇద్దరూ ఈ సినిమాలో నమ్ముకున్నది దాన్నే.

అక్కినేని అప్పటికి 'బాలరాజు', 'కీలుగుర్రం' లాంటి జానపదాలతో జనానికి దగ్గరైన నటుడు. కత్తి, గుర్రం, పాట. ఇందులో చేతికి కత్తి లేదు. పైగా నాయకుడు చేసే పనేమీ లేదు, అన్నీ చెయ్యకపోవడాలే. తండ్రికి ఎదురుచెప్పడు. పార్వతిని తీసుకుపోడు. ఆస్తి కోసం అన్నతో పోట్లాడడు. చంద్రముఖి చేరదీస్తే నిలవడు. ఇలాంటివాడితో రెండున్నర గంటల పైన ప్రేక్షకుణ్ణి కూర్చోబెట్టాలి. ఆయన తాగి నటించలేదు. తాగిన సన్నివేశాలు రాత్రిళ్ళు తీసేవారనీ, సుష్టుగా పెరుగన్నం తిని నిద్ర ఆపుకుంటూ నటిస్తే రెప్పలు వాటంతటవే బరువెక్కేవనీ చెప్పుకుంటారు. గమనించి చూస్తే ఆ తాగుబోతు తూలడం తక్కువ. తూలకుండా ఉండటానికి ప్రయత్నించడమే ఎక్కువ. నిజంగా తాగినవాళ్ళు చేసేది అదే. ఆ ప్రయత్నంలో ఒక పరువున్న కుర్రాడు కనిపిస్తాడు. మన వేడుకల్లో నాటిక వేసేవాళ్ళు తూలడాన్నే పట్టుకున్నారు, ఆ ప్రయత్నాన్ని వదిలేశారు. అందుకే అది హాస్యమైంది.

సావిత్రికి అప్పటికి ఇరవై నిండలేదు. 1950 నాటి 'సంసారం'లో చిన్న పాత్ర, 'పాతాళభైరవి'లో ఒక నాట్యం, 1952 'పెళ్ళిచేసి చూడు'తో కాస్త గుర్తింపు. పార్వతి పాత్రలో ఆవిడ చేసిన గొప్ప పని, జాలి అడక్కపోవడం. కథలో పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వస్తుంది. ఆ కాలంలో, ఆ ఊళ్ళో, అది ప్రాణాల మీదికి తెచ్చుకునే పని. పార్వతి మొహంలో మాత్రం భయం లేదు. భయమంతా తలుపు తీసినవాడిలో ఉంది. "ఎవరైనా చూశారా?" అన్న ఆలోచన దగ్గరే అతను ఆగిపోయాడు. కథ మొత్తంలో అతనికి దొరికిన గడువు ఆ ఒక్క రాత్రే. అది అయిపోయింది.

తర్వాత అతను పట్నం పోయి ఉత్తరం రాస్తాడు, తల్లిదండ్రుల్ని నొప్పించలేను, నన్ను మరచిపొమ్మని. ఉత్తరం డబ్బాలో వేసిన మరుక్షణం నుంచే మనసు మార్చుకుంటాడు. పంపేసిన ఈమెయిల్‌ని వెనక్కి లాక్కునే మీట ఒకటి ఇప్పటి కంప్యూటర్లలో ఉంటుంది, అది సగంసార్లు పనిచెయ్యదు. అతనికి అదీ లేదు. ఊరికి పరిగెత్తుకొస్తాడు. ఈసారి పార్వతి వినదు. నీకు పరువుంటే నాకు లేదా అంటుంది. అతను చెయ్యి చేసుకుంటాడు, నుదుట గాయమవుతుంది. అతని తప్పుని సినిమా ఎక్కడా దాచదు, సమర్థించదు. కానీ ఇద్దరి మొహాల్నీ ఒకే శ్రద్ధతో చూపిస్తుంది. ఆ దెబ్బ తర్వాత సావిత్రి చూసే చూపులో కోపం ఉంది, దాని పక్కనే ఇంకేదో ఉంది. ఆ రెండోదాని కోసమే ఆవిడ మహానటి అయింది.

చంద్రముఖిగా వేసిన లలిత తిరువాన్కూరు సోదరీమణులలో పెద్దది, నాట్యకత్తె. మొదటిసారి దేవదాసు ఆమెని అసహ్యించుకుని డబ్బు పడేసి పోతాడు. అలా అసహ్యించుకున్నవాడినే ఆవిడ గౌరవించడం మొదలుపెడుతుంది. సాధారణంగా మన సినిమాల్లో ఇలాంటి పాత్ర నాయకుణ్ణి చెడగొట్టాలి. ఇందులో అతన్ని నిలబెట్టాలని చూసినవాళ్ళలో ఆవిడే చివరిదాకా మిగిలింది. మందు అలవాటు చేసిన భగవాన్ కూడా, పేకేటి శివరాం వేసిన పాత్ర, చెడ్డవాడు కాదు. బాధలో ఉన్న స్నేహితుడికి తనకి తెలిసిన మందే ఇచ్చాడు.

సంగీతం గురించి ఒక్క మాట. సుబ్బరామన్ ఈ సినిమా పూర్తికాకుండానే 1952లో, చిన్న వయసులోనే పోయారు. మిగిలిన పని ఆయన సహాయకులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. ఘంటసాల గొంతులో ఆ పాటలు ఇవాళ్టికీ మన పాటల సభల్లో వినిపిస్తాయి. వాటి బలం ఎక్కడుందంటే, మాటల్లో చెప్పుకోలేని మనిషికి అవే మాటలు. మెలకువలో నోరు విప్పని దేవదాసు పాటలోనే మాట్లాడతాడు, అదీ వినాల్సినవాళ్ళెవరూ లేనప్పుడు.

* * *

ఇక ముగింపు. పార్వతి ఒకసారి వచ్చి తాగుడు మానమని అడిగినప్పుడు, చనిపోయేలోపు ఒకసారి నీ ఇంటికి వస్తానని దేవదాసు మాటిస్తాడు. జీవితంలో ఒక్క పనీ వేళకి చెయ్యనివాడు, ఆ ఒక్క మాట మాత్రం నిలబెట్టుకుంటాడు. రైలు దిగి, ఎడ్లబండి కట్టించుకుని, దుర్గాపురం చేరతాడు. గడప అవతల పడి ప్రాణం వదుల్తాడు. లోపల పార్వతికి తెలుస్తుంది. పరిగెత్తుతుంది. తలుపులు మూస్తారు.

నవలలో ఆ క్షణం గమనించదగ్గది. ఇంటి కోడలు, పెద్దింటి ఇల్లాలు, ఎవరో అనాథ శవం కోసం వీధిలోకి పరిగెడుతోంటే భర్త కంగారుపడి ఆపమంటాడు. అతనికి ఏమీ తెలియదు. ఆవిడకి పిచ్చెత్తిందేమోనని భయపడ్డాడు. తలుపు మూసింది ద్వేషం కాదు, ఆ భయం. నవల చివర రచయిత తనే పాఠకుడితో మాట్లాడతాడు. ఇలాంటి అభాగ్యుడు ఎదురైతే తీర్పు చెప్పమని అడగడు. చావు ఎవరికైనా తప్పదు, కానీ ఆ వేళకి నుదుటి మీద ఒక ఆప్యాయమైన చెయ్యి ఉండాలని అతని కోసం ప్రార్థించమంటాడు. సినిమా ఆ మాటలని ఆ తలుపుల్లో చెప్పింది.

తర్వాత వచ్చిన దేవదాసుల్ని చూస్తే ఇది ఎంత కష్టమో తెలుస్తుంది. 1955లో బిమల్ రాయ్, బరువా హిందీ సినిమాకి కెమెరా పట్టిన మనిషి, దిలీప్ కుమార్‌తో తీసింది ఈ నిగ్రహాన్ని కాపాడుకుంది. 1974లో కృష్ణ, విజయనిర్మల రంగుల్లో తెలుగు 'దేవదాసు' తీశారు. ఆ సమయానికే అక్కినేని నలుపు తెలుపు సినిమాని మళ్ళీ విడుదల చేస్తే జనం దానికే ఓటేశారు. 2002లో సంజయ్ లీలా భన్సాలీ కోట్లు గుమ్మరించి తీసిన హిందీ సినిమాలో, చాడీలు చెప్పే వదిన ఒకావిడ, కళ్ళు నెత్తికెక్కిన అల్లుడొకడు కొత్త బలం పుంజుకున్నారు. అంటే ప్రేక్షకుడికి తిట్టుకోవడానికి మనుషుల్ని ఏర్పాటు చేశారు. నగలూ నాట్యాలూ కళ్ళు చెదరగొడతాయి. కానీ ఆ వదిన మీద కోపం వచ్చినంత మేరా దేవదాసు మీద దుఃఖం తగ్గిపోతుంది. 2018లో వచ్చిన 'మహానటి'లో మనవడు నాగచైతన్య తాతగారిలా కనిపించినప్పుడు కొత్తతరం కొందరు పాత సినిమా వెతుక్కుని చూశారు. అది మంచిదే జరిగింది.

ఈ గోలంతా నాకెందుకు పట్టిందో కూడా చెప్పాలి.

మా నాన్నగారు 2021 మే నెలలో గుంటూరులో పోయారు. కరోనా రెండో అల ఉధృతంగా ఉన్న రోజులు. నేను వెళ్ళాలంటే ముందు టెస్టు చేయించుకోవాలి, ఫలితం కాగితం చేతికి రావాలి, ఉన్న కాసిని విమానాల్లో సీటు దొరకాలి. హైదరాబాదులో దిగి కారెక్కేసరికే అన్నీ అయిపోయాయి. ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది ఇలాంటి కథే. తమ్ముడు ఒకరోజు ముందు ఫోను చెయ్యాల్సిందని మా అత్తయ్య. వాడేమో "పెద్దాడికి చెప్పకురా, అంత దూరంలో ఉన్నాడు, కంగారుపడతాడు" అని నాన్నే ఆపారంటాడు. అమ్మ, ఆయన జ్వరం తగ్గుతోందనే అనుకుంది. డాక్టరు, ముందురోజు సాయంత్రం కాస్త నయమన్నాడు. అత్తయ్య తమ్ముడితో రెండేళ్ళు సరిగ్గా మాట్లాడలేదు. పాపం ఆవిడది కోపం కూడా కాదు, అన్నగారు పోయిన దుఃఖానికి ఒక పేరు, ఒక చిరునామా కావాల్సొచ్చింది. దగ్గరగా కనబడ్డవాడు మా తమ్ముడు.

ఒకరోజు కూర్చుని ఆ నాలుగు రోజులూ గంట గంటకీ రాశాను, ఆఫీసులో రాసినట్టే. ఎవరికి ఏ వేళకి ఏం తెలుసు, తెలిసినదాన్ని బట్టి ఏం చేశారు. కాగితం నిండింది. అందులో ఎక్కడా నాన్న మీద ప్రేమ లేని పని ఒక్కటి కూడా దొరకలేదు. ఆ కాగితం ఫొటో తీసి అత్తయ్యకి వాట్సప్‌లో పంపాను. ఆవిడ జవాబేమీ ఇవ్వలేదు. ఆ యేడు సంవత్సరీకానికి మాత్రం తమ్ముడి ఇంటికి వచ్చి, వంటింట్లో గారెలకి పిండి తనే రుబ్బిందని మరదలు చెప్పింది.

పరాయి దేశాల్లో ఉన్నవాళ్ళకి ఈ సినిమా ఇందుకు దగ్గరది. మనలో చాలామందికి ఒక మూసిన తలుపు ఉంది. వేళకి అందని ఫోనో, స్టాంపింగ్ కాని పాస్‌పోర్టో, దొరకని సీటో, పెద్దవాళ్ళు మన మంచికేనని దాచిన మాటో. దానికి విలన్ని వెతుక్కుంటే దొరుకుతాడు కూడా. వెతికితే దొరకనివాడెవడు? కానీ దొరికినవాడు సాధారణంగా మనవాడే అయి ఉంటాడు.

వీలుచూసుకుని ఈసారి పిల్లలతో కలిసి చూడండి. మూడు గంటల పైన ఉంటుంది, నలుపు తెలుపు, మొదట్లో కాస్త నెమ్మది. సీసా, శాలువా వచ్చినప్పుడు పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి. మీరు మాత్రం రంగారావు గొంతు ఎక్కడ తగ్గుతుందో, సి.ఎస్.ఆర్. పార్వతి వైపు ఎలా చూస్తాడో గమనించండి. చివరికి తలుపులు మూసుకున్నాక, తప్పెవరిదని పిల్లలు అడుగుతారు. వెంటనే జవాబు చెప్పకండి.